శిలాక్షరమును కటకమును: చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి సీమల తెలుగు శాసనముల ఛాయాగ్రహణము

నందికొండల సీమలో పుట్టిన పెన్న, చిత్రావతి, పాపఘ్ని యను మూడు నదులును కన్నడ దేశపు టెల్ల దాటి తెలుగు దేశమును ప్రవేశించుచున్నవి. చిత్రావతి బాగేపల్లి మీదుగా సాగి కడప మండలమున పెన్నతో కలియును. పాపఘ్ని కమలాపురము చేరువ పెన్నను చేరును. ఈ నదీసంగమములకు అనతిదూరమున, ఎర్రగుంట్ల సమీపమున, కలమళ్ళ గ్రామము కలదు. క్రీ. శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున వెలసిన కలమళ్ళ శాసనము తెలుగు భాషలో లభించిన శాసనములలో తొలినాటిదని పండితులు నిర్ణయించియున్నారు. ఆ నీటి దిగువభాగమున మన భాషకు తొలి శిలాసాక్ష్యము నిలిచియుండగా, అదే నీటి యెగువభాగమునందలి చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని తెలుగు శిలలను గూర్చి మనలో పెక్కుమందికి తెలిసినది స్వల్పము.

ఈ తాలూకాలు 2007వ సంవత్సరము వరకు కోలారు జిల్లాలో చేరియుండెను. ఆ సంవత్సరమున చిక్కబళ్ళాపుర జిల్లా వేరుగా ఏర్పడినది. పాలనాభాష కన్నడమైనను, ఇండ్లలోను సంతలలోను పొలముగట్లమీదను తెలుగు వినబడు సీమ యిది. చింతామణి తాలూకా కైవారమున నారాయణ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పి, రెండు భాషలవారికిని గురువైరి. నంది గ్రామమునందలి భోగనందీశ్వరాలయము, బాగేపల్లి చెంతనున్న గడిదం లక్ష్మీవేంకటరమణస్వామి యాలయము, గుమ్మనాయకనపాళ్యపు దుర్గము, చింతామణి తాలూకా ఆలంబగిరి యాలయము ఈ సీమ చరిత్రకు ప్రసిద్ధ స్థానములు. వీనికి తోడు ఊరూర చెరువుగట్లపైనను పొలిమేరలయందును నిలిచిన శిలలు కలవు. చెరువు కట్టించినవానికి విడిచిన మాన్యము, దేవుని దీపారాధనకు వ్రాసియిచ్చిన భూమి, ఆవులమందను కాపాడబోయి పోరున మడిసినవాని వీరగల్లు: ఇట్టివే యా శిలల విషయములు. రాజవంశముల చరిత్రలో నెక్కని సామాన్యుల పేళ్లు ఈ రాళ్లపైననే మిగిలియున్నవి.

ఈ రాళ్లు శాశ్వతములని తలచుట పొరపాటు. గనులు త్రవ్వుటవలనను, బాటలు వెడల్పు చేయుటవలనను, జీర్ణోద్ధారణ పేర సున్నములును రంగులును పూయుటవలనను శాసనశిలలు చెడిపోవుచున్నవి. కొన్ని బట్టలుతుకు బండలైనవి. కొన్ని మోరీలపై కప్పురాళ్లైనవి. రాయి పోయిన పిమ్మట మిగులునది దాని ప్రతి మాత్రమే. ఆ ప్రతి ఛాయాచిత్రమైనచో, దానిని వ్రాసినది కెమేరా ముందుభాగమునందలి గాజుకన్ను, అనగా కటకము. అందుచేత కటకమును ప్రయోగించు విధమును, దానిని సంరక్షించు విధమును శాసనచరిత్రలో నొక భాగముగా గ్రహింపవలసియున్నది. ఈ సీమను ఆధారముగ గొని ఆ విషయము ఇచ్చట పరిశీలింపబడుచున్నది.

చేతివ్రాత నుండి కటకమునకు

1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట కల్నల్ కాలిన్ మెకంజీ మైసూరు రాజ్యపు సర్వేను చేపట్టెను. ఆయన కడ పనిచేసిన దేశీయ పండితులలో అగ్రగణ్యులు మన తెలుగువారగు కావలి సోదరులు. జ్యేష్ఠుడగు కావలి వేంకట బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే గతించినను, హళగన్నడ శాసనములను చదువుటలో ఆయన చూపిన నేర్పును మెకంజీ మిక్కిలి ప్రశంసించెను. తరువాత లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వారి సాధనములు రెండే: కన్ను, చేయి. రాయి ముందు కూర్చుండి, చదివినదానిని చదివినట్లు కాగితముమీద వ్రాసికొనుటయే వారి పద్ధతి.

ఆ పద్ధతివలన అపారమైన సామగ్రి నిలిచినది. కాని దానియందొక దోషము సహజముగ నున్నది. చేతితో నెత్తి వ్రాసినవాడు రాతిపైనున్నది గాక తాను చదివినదానిని వ్రాయును. ఒక యక్షరమును ఆయన ‘ద’ యని చదివినచో ప్రతిలో ‘ద’యే నిలుచును. రాతిపై దాని యడుగున చిన్న గీత యుండి అది ‘ధ’ యైనను, తరువాతివానికి సందేహము కలుగుటకు చోటు లేదు. తరువాతి కాలపు తెలుగు లిపిలో ప-ఫలకును, ద-ధలకును భేదము అట్టి యొక్క గీతలోనే యున్నది. వ-పలకు తలకట్టును బట్టియు, మ-యలకు పొడవును బట్టియు భేదమేర్పడును. శిల అరిగినచోట ఇట్టి జంటలే పండితులను ఎక్కువగ తికమక పెట్టును. కనుక చదువరి యభిప్రాయము కలియని ప్రతి యొకటి కావలసియుండెను.

1839లో పారిస్ నగరమున డాగేర్ తన ఛాయాగ్రహణ పద్ధతిని ప్రకటించినప్పుడు అట్టి ప్రతికి మార్గమేర్పడెను. డాగేర్ కెమేరాకు చార్లెస్ షెవాలియే కటకమును చేసియిచ్చెను. 1840లో వియన్నాలో గణితాచార్యుడగు జోసెఫ్ పెట్స్వాల్ గణించిన కటకము దానికంటె అనేక రెట్లు ఎక్కువ వెలుగును లోనికి గొనిరాగలిగెను. ఆ యంత్రవిద్య పదునైదేండ్లు గడవకముందే మైసూరు రాజ్యమునకు చేరినది. బెంగుళూరి దండులోనుండిన లినియస్ ట్రైప్ 1854లో హళేబీడు, బేలూరు దేవాలయములను చిత్రించెను. 1856లో ఆయన మదరాసు ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడుగా నియుక్తుడై, 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానమును చుట్టియున్న శాసనపంక్తులను 21 చిత్రములుగ తీసి, వానిని ఒకదానిప్రక్క నొకటి యతికి ఒకే దీర్ఘపటముగ చేసెను. దక్షిణదేశమున కటకమును శాసనమునకు ప్రయోగించిన తొలి మహాప్రయత్నములలో ఇది యొకటి.

మైసూరున ఈ పనిని ప్రభుత్వమే పూనినది. చీఫ్ కమీషనరగు లూయిన్ బౌరింగ్ ప్రోత్సాహమున మేజర్ డిక్సన్ 150 శాసనములను ఛాయాచిత్రములుగ తీసి 1865లో సమకూర్చెను. ఆ చిత్రములను ప్రధానాధారముగ గొని బి. లూయిస్ రైసు 1879లో ‘మైసూర్ ఇన్‌స్క్రిప్షన్స్’ అను గ్రంథమును ప్రచురించెను. రాయికి నూఱు మైళ్ల దూరమున కూర్చుండి రాతిని చదువవచ్చునని ఆ గ్రంథము నిరూపించినది. అనువాదకుడు చూచినది శిలనే యైనను, ఆ చూపు మేజర్ డిక్సన్ కటకము గుండ సాగినది.

కటకమునందలి వంకర

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. చేతివ్రాతకు చదువరి యభిప్రాయము అంటినట్లు, ఛాయాచిత్రమునకు కటకపు దోషము అంటదా? అంటును. ఆనాటి కటకముల స్వభావమును చూచినచో ఈ సంగతి స్పష్టమగును.

పెట్స్వాల్ కటకము మనుష్యుల ముఖములను తీయుటకై గణింపబడినది. నడుమ భాగము మిక్కిలి తీక్ష్ణముగ పడును, అంచులు మసకబారును. ముఖచిత్రమునకు ఆ మసక అందమే. శాసనమునకు మాత్రము ప్రతిపంక్తి మొదలును తుదయు పోవును. దృశ్యములను తీయుటకు వాడుకలోనున్న ఏకకటకము అంచులవరకు కొంత స్పష్టముగనే పడునుగాని, అంచు చేరువనున్న సరళరేఖలను వంచివేయును. నిలువుగ చెక్కిన శిల పీపావలె నడుమ ఉబ్బినట్లు గాని, నడుము సన్నగిల్లినట్లు గాని కానవచ్చును. ఈ వంకరను సరిచేసిన జంటకటకము 1866లో వెలువడినది. లండనులో డాల్మేయరును, మ్యూనిక్ నగరమున స్టైన్‌హైలును ఒకరినొకరు ఎరుగకయే ఒకే సంవత్సరమున ఒకే పరిష్కారమును కనుగొనుట శాస్త్రచరిత్రలో విశేషము. డిక్సన్ సంపుటము దీనికి ఒక యేడాది ముందటిదని పాఠకులు గమనింతురుగాక.

తరువాతి మెట్లు వేగముగ సాగినవి. 1890లో జర్మనీయందలి జైస్ కార్ఖానాలో పౌల్ రుడాల్ఫ్ రచించిన కటకము నడుమను అంచులను ఒకే తలమున తీక్ష్ణముగ నిలిపెను. 1893లో ఇంగ్లండునందలి యార్కు నగరమున హారాల్డ్ డెన్నిస్ టేలర్ మూడు గాజులతోనే ఆ ఫలమును సాధించెను. 1902లో రుడాల్ఫ్ రచించిన టెస్సార్ నాలుగు గాజులు గలది. చౌకయు మేలును గలదగుటచే లోకమంతట వ్యాపించెను. అనగా ఇరువదవ శతాబ్ది ప్రవేశించునప్పటికి శిలాఫలకమును వంకర లేకుండ, అంచు చెడకుండ చిత్రించు కటకము సిద్ధమైయుండెను.

1905 నాటి సంపుటము

ఆ సమయముననే ఈ సీమ శాసనములకు మహోపకారము జరిగినది. 1890 నుండి మైసూరు పురాతత్త్వశాఖకు అధ్యక్షుడుగ నుండిన రైసు 1905లో ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదియవ సంపుటముగ కోలారు జిల్లా శాసనములను ప్రకటించెను. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాలకు అందు వేరువేరు విభాగములు కలవు. కన్నడ, తమిళ, సంస్కృత శాసనములతో పాటు తెలుగు శాసనములకును అందు స్థానము లభించినది. పండ్రెండు సంపుటములలో సుమారు 9,000 శాసనములను వెలికి దెచ్చిన ఆ మహాకార్యమునకు తెలుగువారు కృతజ్ఞులు కావలెను.

అయినను ఆ సంపుటమున అత్యధిక శాసనములకు పాఠమును అనువాదమునే కలవు, చిత్రములు కొలదిమాత్రమే. వేల శిలలకు ఫలకములు ముద్రించుట ఆనాటి వ్యయమునకు మించిన పని. ఫలితమేమనగా, నూఱేండ్లకు పైబడి బాగేపల్లి తాలూకా తెలుగు శిలను గూర్చి వ్రాసిన ప్రతివాడును రైసు పండితులు చదివిన పాఠమునే ఆధారము చేసికొనవలసివచ్చెను. వేరొక సంగతియు కలదు. 1948లో వెలువడిన దక్షిణభారత శాసనముల పదియవ సంపుటము పూర్తిగ తెలుగు శాసనములదే యైనను, అది మదరాసు రాజధానికి చెందిన శాసనములకు పరిమితము. మైసూరు ఎల్లలోపలి తెలుగు రాళ్లు అందు చేరలేదు. ఇట్లు ఈ సీమ శిలలు భాషచేత తెలుగువారివై, ఎల్లచేత మైసూరువై, తెలుగు పాఠకుని బల్లమీదికి రాకుండ నిలిచిపోయినవి.

శాసనవిదులు చిరకాలముగ నమ్మిన సాధనము ఎస్టాంపేజి యనబడు మసిప్రతి. తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో కొట్టి గుంతలలోనికి దింపి, పైన మసి నద్దినచో అక్షరములు తెల్లగ నిలుచును. అది రాతియంతటి పరిమాణము గలది. దానిలో కటకపు వంకర యుండదు. భారత పురాతత్త్వశాఖ శాసనవిభాగము 1966లో ఉదకమండలమునుండి మైసూరునకు వచ్చినది. అట్టి ప్రతులకు అది నిలయము. కటకము మసిప్రతికి ప్రత్యర్థి కాదు. శిల నిలిచిన చోటు, దాని రంగు, పగుళ్లు, శిరోభాగమున చెక్కిన సూర్యచంద్రులు, వీరగల్లు బొమ్మలు మసిప్రతిలో చక్కగ రావు. మెత్తబడి పొరలు రాలు రాతిపై కాగితము కొట్టుట ప్రమాదకరము కూడ. ఆ చోటులందు కటకమే శరణ్యము.

కటకమును శిలముందు ప్రయోగించు విధము

నేటి కెమేరాలలో ఫిల్ముకు బదులు ఎలక్ట్రానిక ఫలకము చేరినను, కటకపు ధర్మము మారలేదు. గ్రామశిలలను చిత్రింపగోరువారు గమనింపవలసిన విషయములు కొన్ని కలవు.

మొదటిది కటకపు ఎన్నిక. విశాలదృశ్యమును పట్టు పొట్టి నాభ్యంతరపు కటకము శిలాఫలకపు అంచులను వంచును. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ముకు సమానమైన ఫలకము గల కెమేరాకు 50 లేక 60 మిల్లీమీటర్ల స్థిరకటకము మేలు. దగ్గరి వస్తువులకై చేసిన మాక్రో కటకము ఉత్తమము. చదునైన తలమును చదునుగ చూపుటకే అది గణింపబడినది. చరవాణి కటకము మిక్కిలి పొట్టిది. దానితో తీయవలసివచ్చినచో దూరముగ నిలిచి, శిల చిత్రపు నడుమభాగమున మాత్రమే యుండునట్లు తీయవలయును.

రెండవది సమాంతరత. కెమేరా వెనుకతలము శిలాతలమునకు సమాంతరముగ నుండి, కటకపు అక్షము శిల నడిమికి లంబముగ తగులవలెను. వాలియున్న శిలకు కెమేరాను గూడ అంతే వాల్చవలెను. క్రిందనుండి పైకి చూచి తీసినచో పైపంక్తుల యక్షరములు కురచలగును. అక్షరపు పొడవునుబట్టి కాలమును నిర్ణయించు లిపిపండితుడు మోసపోవును.

మూడవది కటకద్వారము. ద్వారమును పూర్తిగ తెరచినచో రాతి మిట్టపల్లములలో కొంతభాగమే స్పష్టమగును. ఎఫ్/8 లేక ఎఫ్/11 కడ చాలవఱకు కటకములు మేలుగ పనిచేయును. ఇంకను చిన్నది చేసి ఎఫ్/22 వఱకు పోయినచో, ఇఱుకు ద్వారమున కాంతి విచ్చుకొని చిత్రమంతయు మెత్తబడును. చిన్న ద్వారమునకు ఎక్కువ కాలము తెరచియుంచవలసివచ్చును గావున ముక్కాలి పీట తప్పనిసరి.

నాలుగవది వెలుగు. మధ్యాహ్నపు టెండ ఎదురుగ పడిన శిలపై అక్షరములు మాయమగును. ఉదయముగాని సాయంకాలముగాని వెలుగు ప్రక్కనుండి రాతిని రాచుకొనిపోవునట్లు పడినప్పుడు, ప్రతిగీతకును ఒక అంచున నీడ కట్టి అక్షరము లేచి నిలుచును. ఉత్తరముఖముగ నున్న శిలపై ఎండ పడనిచో, ఇంటి నిలువుటద్దముతో వెలుగును ప్రక్కనుండి మళ్ళింపవచ్చును. ఒకే దిక్కు వెలుగు చాలదు. ఆ దిక్కుననే సాగు గీతలు అప్పుడు కానరావు. కెమేరాను కదలింపక వెలుగును పలుదిక్కులకు మార్చి పెక్కు చిత్రములు తీయవలెను. ఈ సూత్రమునే విస్తరించి 2001లో హ్యూలెట్-ప్యాకార్డ్ పరిశోధనాలయమున టామ్ మాల్జ్‌బెండరు మొదలగువారు, అట్టి చిత్రములన్నిటిని కంప్యూటరున కలిపి, వెలుగును తెరపై ఇచ్చవచ్చినట్లు తిప్పి చూచు పద్ధతిని కల్పించిరి.

అయిదవది పరిమాణము. చిత్రమున కొలబద్ద యుండవలెను. ఒకటిన్నర మీటరు ఎత్తుగల శిలను నిలువున 6,000 చుక్కలు గల చిత్రముగ తీసినచో మిల్లీమీటరునకు నాలుగు చుక్కలు వచ్చును. రెండు మిల్లీమీటర్ల గీతకు ఎనిమిది చుక్కలు. ఇది చదువుటకు చాలును. శిల ఇంతకంటె పెద్దదైనచో ట్రైప్ తంజావూరున చేసినట్లు భాగములుగ తీసి, ప్రతిభాగమును ముందుదానితో మూడవవంతు కలియునట్లు చూచుకొనవలెను.

అక్షరముల పల్లములలో సుద్దగాని సున్నముగాని నింపి తీయుట చిరకాలపు అలవాటు. దీనిని విడువవలెను. నింపినవాడు తాను చదివిన అక్షరమునే నింపును. బొఱ్ఱయ్యనాటి చేతివ్రాత దోషము మరల కటకము ముందునకే వచ్చును. సుద్ద రాతి రంధ్రములలో చేరి నిలుచును గావున శిలకును హాని.

కటక సంరక్షణము

ఈ సీమ శిల నల్లరాయి, బూడిదరంగు రాయి; అనగా గ్రానైటు. గనులును కంకరయంత్రములును గల ఊళ్ల గాలిలో నెగురు దుమ్ములో ఆ రాతిపొడి కలదు. అందలి స్ఫటికము కాఠిన్యపు కొలతలో ఏడవమెట్టుది. సామాన్యపు గాజు అయిదున్నరకు చేరువది. కనుక దుమ్ముపడిన కటకమును పంచె చెంగుతో తుడిచినచో, గాజుపై ఆకురాయితో రుద్దినట్లే. మొదట రబ్బరు బుడ్డిని నొక్కి ఆ గాలితో దుమ్మును ఎగురగొట్టవలెను. మిగిలినదానిని మెత్తని కుంచెతో తీయవలెను. వ్రేలిముద్రయో జిడ్డో మిగిలినప్పుడు మాత్రమే కటకపు కాగితముపై రెండు బొట్లు శుద్ధిద్రవము వేసి, నడుమనుండి అంచులకు చుట్టలుగ తేలికగ తుడువవలెను. ద్రవమును గాజుపైననే పోయరాదు. అంచు సందున దిగి లోపలికి చేరును. అన్నిటికంటె మేలు తరచుగ తుడువకుండుటయే. ముందుగాజుపై నొక చిన్నగీత చిత్రమును పెద్దగ చెరుపదు. గాజంతయు కమ్మిన సన్ననిపొర మాత్రము నీడల నలుపును తెల్లబరచి, మన మాధారపడిన ఆ నీడగీతనే తుడిచివేయును.

ఈ విషయమున ఒక చరిత్రవిశేషము స్మరణీయము. పూర్వపు గాజు ప్రతిముఖమునను నూటికి నాలుగువంతుల వెలుగు వెనుకకు తిరిగిపోవును. టెస్సార్ వంటి కటకమున గాలికి తగులు ముఖములు ఆఱు. లోనికి చేరునది నూటికి 78 వంతులు. తిరిగిన వెలుగు లోపల తారాడి చిత్రమును మసకపరచును. 1890ల దశకమున పైన పేర్కొన్న డెన్నిస్ టేలరు, వాతావరణమువలన కాలక్రమమున నీలిరంగు పొర కట్టిన పాతకటకములు క్రొత్తవానికంటె ఎక్కువ వెలుగును పోనిచ్చుచున్నవని గమనించెను. లోకము చెడినవని తలచిన గాజులు బాగుపడియుండెను. 1935లో జైస్ కార్ఖానాలోని అలెగ్జాండర్ స్మాకులా ఆ పొరను కృత్రిమముగ నిర్మించు విధమును సాధించెను. నేటి కటకములపై కానవచ్చు ఊదా, ఆకుపచ్చ రంగుల నిగ్గు అదియే. మురికి యనుకొని దానిని గట్టిగ రుద్దువారు కటకపు మేలిగుణమునే పోగొట్టుకొందురు.

రెండవ శత్రువు బూజు. వానకాలమున, తడిగాలిలో, చీకటి పెట్టెలో మూసియుంచిన కటకమున సాలెగూటి పోగులవంటి బూజు పుట్టును. అది విడుచు ఆమ్లము పై పొరను, తుదకు గాజును తినివేయును. పిమ్మట తుడిచినను మచ్చ మిగులును. తోలుసంచి తేమను పీల్చి నిలుపుకొనును గావున నెలల తరబడి దానిలో నుంచరాదు. గాలిచొరని డబ్బాలో సిలికా జెల్ గుళికలతో పాటు ఉంచి, తేమ నూటికి 40-50 వంతుల మధ్య నుండునట్లు చూడవలెను. గుళికలు రంగు మారినప్పుడు వేడిచేసి మరల వాడవచ్చును. వాడని కటకమును గూడ నెలకొకసారి వెలుతురునకు పట్టి లోన చూచుట మంచిది.

నందికొండ యెత్తు సుమారు 1,478 మీటర్లు. అచ్చటి ప్రాతఃకాలపు మంచులో చల్లబడిన కటకమును వెంటనే దిగువ గ్రామపు వెచ్చని గాలిలో తెరచినచో, చల్లని చెంబుపై చెమ్మ కట్టినట్లు గాజుపై నీరు పట్టును. సంచిని మూసియుంచి, లోపలి చలి దానంతట తగ్గిన పిమ్మట తెరువవలెను. ఎండలో మూసిన కారులో కటకమును విడుచుటయు దోషమే. పూర్వపు కటకములలో గాజును గాజునకు అతికినది కెనడా దేశపు చెట్టుజిగురు. వేడికి అది విడిపోయి అంచులలో రంగుచారలు తేలును. ప్రయోగము ముగిసిన వెంటనే ముందువెనుకల మూతలు పెట్టుట, శిలను తీయునప్పుడు ఎండ సూటిగ గాజుపై పడకుండ ముందు గొట్టమును తొడుగుట అను రెండు అలవాట్లు అన్నిటికంటె అల్పవ్యయమైన సంరక్షణములు.

కర్తవ్యము

బెంగుళూరున 1909లో స్థాపితమైన మిథిక్ సొసైటీ, 2021 నుండి బెంగుళూరు ప్రాంతపు శాసనములను త్రిమితీయ యంత్రముతో చిత్రించి భద్రపరచు కార్యమును చేపట్టినది. నగరమునకు లభించిన ఆ భాగ్యము ప్రతి పల్లెకును అందునంతవఱకు రాళ్లు ఆగవు. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల గ్రామములలో ఒక మంచికటకము, ఒక ముక్కాలి పీట, ఒక అద్దము, ఒక కొలబద్ద ఉన్నచో ఈ పని ఆరంభింపవచ్చును. రైసు సంపుటమున ఆయా గ్రామముల పేళ్లు తాలూకాల వారీగ కలవు. దానిని చేతబట్టి ఊరూర తిరిగి, 1905లో చదివిన ఏ శిల నేడు నిలిచియున్నది, ఏది కానరాదు అను పట్టికను సిద్ధముచేసి, నిలిచినదానిని నాలుగుదిక్కుల వెలుగులో చిత్రించి, గ్రామము, స్థలము, దినము, కొలతలు వ్రాసి భద్రపరచుట తెలుగు సంఘములకును పాఠశాలలకును తగిన పని. చిత్రములను ఒక్కచోటనే దాచక రెండుమూడు తావుల నుంచవలెను. వానియందలి పాఠమును తెలుగు లిపిలోను కన్నడ లిపిలోను ప్రకటింపవలెను. ఈ శిలలను నిలిపిన గ్రామముల వారు రెండు భాషలను ఎరిగినవారు గావున, వాని ఫలము ఉభయులకును చెందవలెను.

ఈ పాఠశాలల పిల్లలు పుస్తకమున చదువు అక్షరములే తమ యూరి చెరువుగట్టుపై నాలుగైదు వందల యేండ్లుగ నిలిచియున్నవని కంటితో చూచినప్పుడు, తమ భాష ఈ నేలకు క్రొత్తది కాదని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ చూపు వారి మనుమలకును దక్కవలెననిన, రాతి యక్షరము అరిగిపోకముందే శుభ్రమైన కటకము దాని యెదుట నిలువవలెను.